కాస్తంత నేల

పొద్దున్నే ఎదురు లాండ్రీలో బాయిలరు అందుకోగానే ఆ సందంతా ఆవిరితో నిండిపోయేది. ముందు గడపలు మాయమయ్యేవి. తరువాత గోడల వారన ఆనించిన సైకిళ్ళు. ఆ తరువాత నడిచే మనుషుల కాళ్ళు. తలలూ భుజాలూ మాత్రం తెల్లని నీటి మీద తేలుతున్నట్టు మెల్లగా సాగిపోయేవి. ఎవరి అడుగులు ఎవరికీ కనిపించని ఆ కాసేపూ ఊరు ఇంకా నిద్రలోనే నడుస్తున్నట్టుండేది.

కళ్ళద్దాల దుకాణం తలుపు తీసి, గాజు బల్ల తుడుస్తూ అద్దాలమ్మ రోజూ ఆ దృశ్యాన్ని చూసేది. చూడటమే గాని దాని గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఆమె పని కంటి ముందుది, చేతిలోది. అంచు సానబట్టే చక్రం మీద నీరు బొట్లుబొట్లుగా పడుతుంటే, అద్దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఫ్రేము ఆకారానికి వచ్చేదాకా తిప్పుతూ పోవడం. మధ్యమధ్య ఆపి, వెలుతురుకు ఎత్తి చూసి, వేలి కొసతో అంచు తడిమి, మళ్ళీ చక్రానికి ఆనించడం. ఆ చక్రం చేసే సన్నని రొదలో ఆమెకు ఒక్కోసారి కునుకు పట్టినంత హాయిగా ఉండేది. చేతులు మాత్రం దారి తప్పేవి కావు.

కింద దుకాణం, పైన ఇల్లు. ఆ ఇంట్లో ఆమెతో పాటు ఉండే రెండో మనిషి ఆమె ఆడపడుచు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు విచారించనూ లేదు. అన్న పోయిన తరువాత వదినను విడిచిపెట్టి వెళ్ళకపోవడం ప్రేమ చేతనో, పోట్లాడటానికి అంత అనువైన మనిషి మరొకరు దొరకకనో ఇద్దరూ ఎప్పుడూ తేల్చుకోలేదు. అద్దాలమ్మ పురసభలో సభ్యురాలు కూడా. సొంత ఇళ్ళున్నవాళ్ళ వీధి ఆమెను గెలిపించింది. ఇంటిపన్ను పెరగనివ్వనని ఆమె ఆ వీధికి మాట ఇచ్చింది. మాట ఇచ్చి తప్పడమనేది ఆమె దృష్టిలో దొంగతనానికి దగ్గరి చుట్టం.

ఆ ఉదయం ఆడపడుచు రెండు గ్లాసుల టీ పట్టుకుని మెట్లు దిగుతూనే అందుకుంది.

"వదినా, ఎల్లుండి సభలో నీకు పెద్ద శ్రమేం లేదు. కుర్చీకి అతుక్కుని కూర్చుంటే చాలు."

ఆ మాట నిజమే. ఆ పురసభలో చేతులెత్తే పద్ధతి లేదు. తీర్మానం కావాలనేవాళ్ళు లేచి నిలబడతారు. వద్దనేవాళ్ళు కూర్చునే ఉంటారు. అధ్యక్షుడు నిలబడ్డ తలలు లెక్కవేస్తాడు. ఎల్లుండి రాబోయే తీర్మానం ఇంటిపన్ను గురించే. దాన్ని కాస్త పెంచి, ఆ సొమ్ముతో పనికి పోయే తల్లుల పిల్లలను పగలంతా చూసుకునే ఇల్లొకటి తెరవాలని కొందరు పట్టుబట్టారు. సభ సగానికి సగం చీలి ఉంది.

"నా మోకాళ్ళ నొప్పులు చూసి పెట్టారు కాబోలు ఈ పద్ధతి," అంది అద్దాలమ్మ, గ్లాసు అందుకుంటూ.

"నవ్వులాట కాదు. నిన్న మేడాయన పనిగట్టుకుని వచ్చి చెప్పి వెళ్ళాడు. మీ వదిన మనసు మెత్తన, ఓ కంట కనిపెట్టి ఉండమన్నాడు."

మేడాయన అంటే వీధిలో అందరికంటే ఎత్తయిన ఇల్లు కట్టి, అందరి తరఫునా మాట్లాడే పెద్దమనిషి.

"నా మనసు మెత్తనని ఆయనకెవరు చెప్పారు?"

"అదే నేనూ అడిగాను. ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, నాకైతే దొరకలేదండీ అన్నాను." ఆడపడుచు మెట్టు మీద చతికిలబడి టీ ఊదుకుంది. "అయినా ఇల్లుంటే డబ్బున్నట్టేనా? రాబడి లేనివాళ్ళు గోడలు గీక్కుని తినాలా? పైగా నేను పెళ్ళే చేసుకోలేదు. నా వాటా పిల్లల్ని ఎవరు కన్నారో చూపించమను, వాళ్ళకి కడతాను."

"నీ వాటా ఎవరు కన్నా ఈపాటికి వాళ్ళ ఇల్లు ఎగిరిపోయి ఉండేది," అని అద్దాలమ్మ టీ ముగించి, సిద్ధమైన కళ్ళద్దాల జత ఒకటి మెత్తని గుడ్డలో చుట్టుకుని వీధి దాటింది. అవి లాండ్రీ యజమానివి.

లాండ్రీలో అడుగు పెట్టగానే ఆమె కళ్ళద్దాలు తెల్లబారిపోయాయి. తీసి తుడుచుకునేలోగా లోపలి గది ఆమెకు మసకమసకగా, అంచులు కరిగిపోయి కనిపించింది: తీగల మీద వేలాడే దుప్పట్లు, కప్పుకు తగిలి మెలికలు తిరిగే ఆవిరి, మధ్యలో పొడవాటి బల్ల, బల్ల దగ్గర ఒక సన్నని ఆకారం. ఆ ఆకారం ఇస్త్రీ అమ్మాయి. వేళ్ళు నీళ్ళలో ముంచి దుప్పటి మీద చిలకరిస్తోంది. ఇస్త్రీ పెట్టెను నడిమధ్య నుంచి అంచుల దాకా ఒకే ఊపున లాగి, కొసన చిన్నగా ఎత్తి, మళ్ళీ నడిమధ్యకు తెస్తోంది. సగానికి మడిచి, ఇంకో సగానికి మడిచి, అరచేత్తో తట్టి పక్కన పేరుస్తోంది. చేతులు ఇదంతా చేస్తుండగా ఆమె ఎడమ పాదం మాత్రం మిగతా ఒంటితో సంబంధం లేనట్టు, బల్ల కింద ఉన్న చక్రాల బుట్టను ముందుకీ వెనక్కీ నెడుతోంది. ఉతికిన బట్టలు మోసే పెద్ద బుట్ట అది. నిండా తెల్లని గుడ్డలు.

ఆ గుడ్డల మధ్య రెండు కళ్ళు కనిపించాయి.

అద్దాలమ్మ దగ్గరికి వెళ్ళి వంగింది. పాప ఏడవడం లేదు, ఆడుకోవడం లేదు. వెల్లకిలా పడుకుని, కప్పు కింద ఆవిరి కదులుతుంటే దాన్నే చూస్తోంది. ముఖం అడ్డం రాగానే చూపు మళ్ళించి, చెయ్యి చాచి ఆమె కళ్ళద్దాల మీద వేలు పెట్టింది. చిన్న చెమట ముద్ర పడింది. ఎవరైనా తన కళ్ళద్దాలను ముట్టుకుంటే గిట్టని అద్దాలమ్మ, ఎందుకో కోప్పడకుండా, పాపను రెండు చంకల కిందా పట్టి ఎత్తి నేల మీద నిలబెట్టబోయింది.

పాప కాళ్ళు నేలకు తగలలేదు. ఎగిరే పిట్ట కాళ్ళను పొట్టలోకి ముడుచుకున్నట్టు పైకి ముడుచుకుంది. ఇంకాస్త దించితే ఇంకాస్త ముడుచుకుంది.

"అది నిలబడదమ్మగారూ," అంది ఇస్త్రీ అమ్మాయి, చేతి పని ఆపకుండానే.

"ఎన్నో ఏడు?"

"రెండు నిండాయి."

"డాక్టరుకు చూపించావా?"

"చూపించాను. కాళ్ళకి ఏ లోపమూ లేదన్నాడు. నేల మీద వదలమ్మా, అదే నడుస్తుందన్నాడు." ఆ అమ్మాయి ఇస్త్రీ పెట్టెను నిలువుగా పెట్టి, మోచేత్తో చెమట తుడుచుకుంది. "ఇక్కడ దించితే వైర్ల దగ్గరికి పాకుతుంది, బాయిలరు పట్టుకుంటుంది. గదికి వెళ్ళేసరికి నిద్రపోతుంది. వదలమన్నాడు సరే. నేలెక్కడుంది నాకు?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. దారి అడిగినట్టు అడిగింది.

లాండ్రీ యజమాని కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని గోడ మీది కాలెండరు ఒకటికి రెండుసార్లు చదివి తృప్తి పడ్డాడు. "బుట్ట ఇచ్చాను, రానిస్తున్నాను. ఇంకో చోటైతే పిల్లతో గడప కూడా తొక్కనివ్వరండీ," అన్నాడు. అది కూడా నిజమే.

అద్దాలమ్మ పాపను తిరిగి గుడ్డల్లో పడుకోబెట్టింది. తల్లి పాదం బుట్టను కదిపింది. పాప చూపు కప్పు మీదికి వెళ్ళిపోయింది.

*

మర్నాడంతా చక్రం ముందు కూర్చున్నా ఆమెకు హాయి కలగలేదు. తలెత్తినప్పుడల్లా లాండ్రీ కిటికీలోంచి ఆ ఎడమ పాదమే కనిపించేది. నిజానికి అంత దూరానికి పాదం కనిపించదు. ఆవిరిలో తెల్లగా ఏదో ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టు తోచేది, అంతే. ఆ ఊపుకే తన చేతిలో అద్దం కూడా తిరుగుతోందని కాసేపటికి గ్రహించి, విసుక్కుని, వీధికి వీపు పెట్టి కూర్చుంది.

మధ్యాహ్నం దుకాణం తలుపు గంట మోగింది. ఇస్త్రీ అమ్మాయి. పాప చంకలో ఉంది; కాళ్ళు రెండూ తల్లి నడుముకు అతుక్కుని ఉన్నాయి. ఆమె లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"రేపు సభలో ఎవరైనా మాట్లాడొచ్చని అంటున్నారు. నిజమేనా అమ్మగారూ?"

"నిజమే. తీర్మానం చదివాక ఊళ్ళో వాళ్ళకి కాస్త సమయం ఇస్తారు."

"నాబోటిది వెళ్ళి మాట్లాడితే ఏమైనా మారుతుందా?"

అద్దాలమ్మ చేతిలోని పనిని బల్ల మీద పెట్టింది. "నేను వద్దనేవాళ్ళలో ఉన్నాను. ఆ సంగతి తెలిసే నన్ను అడుగుతున్నావా?"

"తెలుసండీ. అందుకే మీ దగ్గరికొచ్చాను. కావాలనేవాళ్ళని అడిగితే తప్పకుండా రమ్మంటారు. మీరైతే ఉన్నదున్నట్టు చెప్తారని."

ఆ జవాబుకు అద్దాలమ్మ లోలోపల ముచ్చటపడింది. పైకి మాత్రం ముఖం ముడుచుకునే చెప్పింది: "మారదు. అందరూ ముందే నిశ్చయించుకుని వస్తారు, నాతో సహా. కాని వచ్చి మాట్లాడటం నీ హక్కు. హక్కును ఫలితంతో తూచకూడదు."

ఆ అమ్మాయికి చివరి మాట అర్థమైందో లేదో, తల ఊపి వెళ్ళిపోయింది. మెట్ల మీద నుంచి ఆడపడుచు గొంతు వినిపించింది.

"నీ పక్షం ఓడిపోవడానికి నువ్వే మనుషుల్ని పోగు చేస్తున్నావన్నమాట."

"ఎదుటివాడి నోరు కట్టేసి గెలిచేది గెలుపేనా అమ్మాయ్?"

"నాకైతే గెలుపేనమ్మా. పన్ను పెరగకపోతే చాలు." తరువాత ఆడపడుచు అడిగింది: "ఆ పిల్లకి కాళ్ళేమిటి, అలా ముడుచుకుని ఉన్నాయి?"

"బుట్టలో పెరుగుతోంది."

ఆడపడుచు మిగిలిన మెట్లు దిగి, గుమ్మంలోంచి లాండ్రీ వైపు చూసింది.

*

పురసభ భవనం పాతది. కిటికీలు మనిషికి అందనంత ఎత్తున మొదలై కప్పు దాకా ఉంటాయి. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి పొడవాటి పలకలుగా దిగి, నేల మీద పరుచుకుని, కూర్చున్నవాళ్ళ మోకాళ్ళ మీదికి మెల్లగా పాకుతుంది. ఆ ఎండలో ధూళికణాలు ఎటూ పోకుండా వేలాడుతుంటాయి. ఎంత వాడిగా మొదలైన వాదమైనా ఆ గదిలో కాసేపటికి మెత్తబడి, తేనెలో పడ్డ ఈగ రొదలా వినిపించేది.

అద్దాలమ్మ వచ్చేసరికి గుమ్మం దగ్గర బంట్రోతు ఇస్త్రీ అమ్మాయికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"పిల్లతో పంపకూడదు తల్లీ. రూలు. ఎవరికైనా ఇచ్చి రా, నువ్వొక్కదానివే అయితే ఇప్పుడే పంపిస్తా."

"ఎవరికివ్వను బాబాయ్? ఇవ్వడానికి ఎవరూ లేరని చెప్పుకోడానికే కదా వచ్చింది."

బంట్రోతు నిస్సహాయంగా చేతులు నలుపుకున్నాడు. చెడ్డవాడు కాదు; చాలాకాలంగా ఒకే తలుపు కాస్తున్నవాడు. ఏ పిల్లల గురించి లోపల వాదించబోతున్నారో ఆ పిల్లల తల్లి ఒక్కతీ గడప దాటే దారి లేదు. ఇంతకాలం ఈ గుమ్మంలోంచి వస్తూ పోతూ అద్దాలమ్మకు ఈ సంగతి తట్టలేదు.

"ఆ రూలు ఊళ్ళో వాళ్ళు కూర్చునే బల్లల గురించి కదా," అంది ఆమె. "సభ్యుల కుర్చీల గురించి ఏమైనా ఉందా?"

బంట్రోతు ఆలోచించాడు. "సభ్యులు పిల్లల్ని ఎత్తుకొస్తారని ఎవరూ అనుకోలేదమ్మగారూ."

"అయితే లేదన్నమాట." ఆమె చేతులు చాచింది. "ఇలా ఇవ్వమ్మా. చూడు, నీకు మళ్ళీ చెప్తున్నాను, నేను కూర్చునే ఉంటాను. ఓడిపోతే ఓడిపోదువుగాని, గుమ్మం బయట ఉండి ఓడిపోకు."

అలా పాప సభ్యుల వరుసలోకి వచ్చింది. ఒకరిద్దరు సభ్యులు నవ్వారు. ఊరివాళ్ళ బల్లల్లో ముందు కూర్చున్న మేడాయన కనుబొమలు ఎగరేసి, ఆమె ఒడి వైపు చూపించి, ఇదేమిటన్నట్టు చెయ్యి తిప్పాడు. అద్దాలమ్మ తల అడ్డంగా ఊపింది: కంగారు పడవద్దన్నట్టు.

తీర్మానం చదివారు. ఇస్త్రీ అమ్మాయిని పిలిచారు. ఆమె లేచి నిలబడి, రెండు చేతులూ ముందున్న బల్ల అంచు మీద పెట్టింది. ఆ చెక్క మీద లేని ముడతను అరచేత్తో సరిచేసింది.

"అందరికీ నమస్కారమండీ. నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను."

ఆగింది.

"కాస్త గట్టిగా," అన్నారు వెనక నుంచి.

"నేను లాండ్రీలో ఇస్త్రీ చేస్తాను. పొద్దున పూట ఆవిరి ఎక్కువగా ఉంటుంది. పాపని బుట్టలో పెడతాను. బుట్ట పెద్దదే." మళ్ళీ ఆగింది. ఎండ పలక ఆమె చేతుల మీదికి వచ్చింది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"విషయం చెప్పమ్మా," అన్నాడు అధ్యక్షుడు, దయగానే.

"విషయం అదేనండీ."

నిన్న గుమ్మంలో నిలబడి అంత సూటిగా మాట్లాడిన పిల్ల ఈ అమ్మాయేనా అనుకుంది అద్దాలమ్మ. నేలెక్కడుంది నాకు అని అడుగు, ఆ ఒక్క మాటా అడుగు అని తనలో తాను బతిమాలుకుంది. ఆ అమ్మాయి అడగలేదు. ఆ మాట అక్కడ, ఆవిరిలో, పని మధ్యలో దొరికింది, ఇక్కడ దొరకలేదు.

"అంతేనండీ. సమయం తీసుకున్నాను, ఏమీ అనుకోకండి," అని కూర్చుంది.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నయంగా ఉండేది. మర్యాదగా గొంతులు సవరించుకుని కాగితాలు సర్దుకున్నారు. తరువాత మేడాయన లేచి మాట్లాడాడు, చక్కగా మాట్లాడాడు. వీధి చివర చూరు కారుతున్న ఇంట్లో ఉండే ముసలి దంపతుల గురించి చెప్పాడు. పింఛను మందులకే చాలని వాళ్ళ నెత్తిన ఇంకో బరువు పెట్టడం న్యాయమా అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ దంపతులిద్దరికీ కళ్ళద్దాలు చేసింది అద్దాలమ్మే. పాత ఫ్రేముకు దారం కట్టుకుని ఎంతకాలం నెట్టుకొచ్చారో ఆమెకు తెలుసు.

ఓటు వేళకు ఊరివాళ్ళను బయటికి పంపే ఆనవాయితీ ఉంది. ఇస్త్రీ అమ్మాయి పాప వైపు ఒక అడుగు వేసింది. పాప నిద్రలో ఉంది. బంట్రోతు తలుపు పట్టుకుని తొందరపెడుతున్నాడు. అద్దాలమ్మ "పోనీ, ఉండనీ" అన్నట్టు చేత్తో సైగ చేసింది. తలుపులు మూసుకున్నాయి.

మూసుకున్న మరుక్షణం పాప కదిలింది. కనుబొమల మధ్య ముడి పడింది, పెదవి వంపు తిరిగింది. అద్దాలమ్మ మోకాలు ఆడించి చూసింది, మోకాలు ఒప్పుకోలేదు. వీపు తట్టింది, ముడి మరింత బిగిసింది. అప్పుడామెకు ఆ పాదం గుర్తొచ్చింది. ఈ పిల్లకు నిద్ర అంటే ఊపు. ఊపు ఆగితే లోకం ఆగినట్టే. ఆమె పాపను భుజాన వేసుకుని, శాలువా కుర్చీ మీదే వదిలి లేచి, కిటికీ పక్కకు నడిచి, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మెల్లగా బరువు మార్చుకుంటూ నిలబడింది.

ముడి విడిపోయింది. మెడ వంపులో వెచ్చని ఊపిరి తగిలింది.

ఎండ ఆమె ముఖం మీద పడి కళ్ళు మూతలు పడేలా చేసింది. గదిలోని గొంతులు దూరమై, నీటి అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. ఏ ఒడ్డూ లేని తెల్లని చోట తానూ ఈ చిన్న బరువూ తేలుతున్నట్టనిపించింది. తన కాళ్ళు కూడా ఎక్కడున్నాయో ఒక క్షణం ఆమెకు తెలియలేదు. ఇలాగేనా రోజంతా? ఇలాగేనా ఈ పిల్లకు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, కప్పు కేసి చూస్తూ? ఎక్కడో కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో ఏదో అన్నారు. ఆమె ఊగుతూనే ఉంది.

"అద్దాలమ్మగారూ."

కళ్ళు తెరిచింది. వరుసల్లో సగం మంది నిలబడి ఉన్నారు. అధ్యక్షుడు కలం కొసను గాల్లో ఆమె వైపే ఆపి ఉంచాడు. కార్యదర్శి ఆయన చెవిలో ఏదో చెబుతున్నాడు.

"మిమ్మల్ని లెక్కలో వేసేశాను," అన్నాడు అధ్యక్షుడు, కాస్త ఇబ్బందిగా. "మీరు పాప కోసం లేచారని ఈయన అంటున్నాడు. అదే అయితే చెప్పండి, కొట్టేస్తాను. మీ ఒక్కరి ఓటు దగ్గరే తేలాలి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కుర్చీ నాలుగడుగుల దూరంలో, శాలువాతో, ఖాళీగా ఉంది. పాప కోసమే లేచానంటే చాలు. అది నిజం. అందరూ నమ్ముతారు. ఇచ్చిన మాట నిలబడుతుంది. ఒక్క నిమిషం కిందటి దాకా అదే నిజం.

దుకాణంలో ఎదుటివాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ ఎన్ని వేలసార్లు అడిగిందో ఆ ప్రశ్న: ముందుదా, ఇదా, ఏది బాగా కనిపిస్తోంది? కొందరు మొహమాటానికి ఆమెకు ఏది ఇష్టమో ఊహించి చెప్పబోతారు. నా ముఖం చూసి చెప్పకండి, మీకు కనిపించింది చెప్పండి అని ఆమె కసురుకుంటుంది.

"కొట్టేయకండి," అంది అద్దాలమ్మ. "ఉండనివ్వండి."

బయట వసారాలో ఇస్త్రీ అమ్మాయి గోడకు ఆనుకుని ఉంది. పాపను అందుకుంటూ ముఖం చూసి, మాట కోసం ఆగింది.

"నెగ్గింది," అంది అద్దాలమ్మ.

"మీరు కూర్చునే ఉంటానన్నారు కదండీ."

"అన్నాను."

ఆ అమ్మాయి ఎందుకని అడగలేదు. కృతజ్ఞతలు చెప్పలేదు, చెప్పనందుకు అద్దాలమ్మకు ఊరట కలిగింది. పాపను భుజాన సర్దుకుని, "ఎప్పట్నుంచండీ?" అంది.

"పన్ను వచ్చే ఏడాది వసూలవుతుంది. ఇల్లు ఆ తరువాత."

ఆ అమ్మాయి పాప పాదాన్ని గుప్పిట్లో పట్టుకుని మెల్లగా నొక్కుతూ నిలబడింది. "పోనీలెండి. వెనకాల వచ్చేవాళ్ళకి ఉంటుంది," అని, పని వేళయిందని గబగబా మెట్లు దిగిపోయింది. పాప నిద్రలోనే ఉంది. కాళ్ళు ముడుచుకునే ఉన్నాయి.

*

ఆడపడుచు అలిగితే నోరు మూతపడి పాత్రలు మాట్లాడేవి. ఆ సాయంత్రం ఇంట్లో మూతలు, గరిటెలు, కుళాయి, అలమర తలుపు వరుసగా మాట్లాడాయి. అద్దాలమ్మ అన్నిటినీ వినయంగా వింది.

మర్నాడు దుకాణం తెరిచీ తెరవకముందే మేడాయన వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా కళ్ళద్దాలు తీసుకుపోదామని వచ్చాను."

"ఒకటి అమర్చాను. రెండోదానికి అంచు తీయాలి. కాసేపు ఆగితే ఇచ్చేస్తాను."

ఆయన ఆగాడు. ఆమె చక్రం తిప్పింది. నీటి బొట్లు పడ్డాయి. ఆయన చూస్తూ చూస్తూ, పట్టలేక, అన్నాడు:

"మీ మాట నమ్మి వీధి వీధంతా మీకు ఓటేసింది."

"అవును."

"పాప కోసం లేచానంటే పోయేది. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కారు."

"అవును."

"మరి?"

ఆమె అద్దాన్ని వెలుతురుకు ఎత్తి, అంచు తడిమి, మళ్ళీ ఆనించింది. "మాట తప్పానండీ. అది కప్పిపుచ్చను. మీ ఇంటి పన్ను పెరగడానికి కారణం నేనేనని మీరు వీధిలో చెప్పండి, అబద్ధం అవదు. చూరు కారే ఇంటివాళ్ళకి మినహాయింపు కావాలని వచ్చే సభలో అడుగుతాను. మీరూ వచ్చి మాట్లాడండి, మీరు బాగా మాట్లాడతారు. ఇక ఎందుకంటారా, తిరిగి వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు."

ఆయన కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వీధిని చూశాడు, గోడను చూశాడు, ఆమెను చూశాడు. అవి అన్నివిధాలా సరిగ్గా ఉన్నాయి. అది ఆయనకు మరింత కష్టంగా తోచింది. "ఇక మీదట మా ఇంట్లోవాళ్ళు ఇక్కడికి రారు," అని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు మెట్ల మీద చప్పుడైంది. ఆడపడుచు దిగివచ్చింది. అంతా విన్నదని ముఖమే చెబుతోంది. వదిన వైపు చూడకుండా, కాళ్ళకు చెప్పులు తొడుక్కుని, తిన్నగా వీధి దాటింది. పొద్దుటి ఆవిరి అప్పుడే దట్టంగా ఉంది. ముందు ఆమె కాళ్ళు మాయమయ్యాయి, తరువాత నడుము, ఆఖరికి ముడి వేసిన నెరిసిన జుట్టు.

అద్దాలమ్మ చక్రం ఆపింది. లాండ్రీలోంచి గొంతులు వినిపిస్తున్నాయి. మాటలు తెలియడం లేదు. ఆడపడుచు గొంతు హెచ్చింది. యజమాని ఏదో అన్నాడు. ఆమె గొంతు ఇంకా హెచ్చింది. ఇప్పుడా ఇస్త్రీ అమ్మాయిని నలుగురిలో నానా మాటలూ అంటోందనుకుంది అద్దాలమ్మ. లేచి గుమ్మం దాకా వచ్చింది.

ఆవిరిలోంచి చక్రాల గరగర బయలుదేరింది. తరువాత చక్రాల బుట్ట వచ్చింది. దాని వెనక, నడుం వంచి, రాళ్ళ మీద ఎగిరెగిరి పడుతున్న బండిని సంసారం మోసినంత విసుగుతో తోస్తూ ఆడపడుచు వచ్చింది. బుట్టలో పాప అంచు పట్టుకుని కూర్చుని ఉంది. ఇంతవరకూ కప్పునే చూసిన కళ్ళు ఇప్పుడు ఆకాశం ఎంత దూరం ఉందో తేల్చుకోలేక రెపరెపలాడుతున్నాయి.

"తప్పుకో," అంది ఆడపడుచు. అది నిన్నటి నుంచి ఆమె వదినతో అన్న మొదటి మాట.

"వాళ్ళమ్మ?"

"వాళ్ళమ్మకి చెప్పే తెచ్చాను, ఎత్తుకు రాలేదు. మధ్యాహ్నం వచ్చి చూసుకుంటుంది." బుట్టను గాజు బల్లకూ నిలువుటద్దానికీ మధ్య ఆపి, పాపను ఎత్తింది. "పన్ను సంగతి నీతో తీరిగ్గా తేలుస్తాను. వదిలిపెడతాననుకోకు. ప్రతి ఏడూ కట్టేటప్పుడు గుర్తు చేసి మరీ తిడతాను."

"తిట్టు."

"తిడతాను. కాని వచ్చే ఏడాది దాకా ఆగడానికి దీని కాళ్ళకి తీరిక లేదు. ఆ చక్రం తీగ పైకి చుట్టు. ఆ స్టూలు అవతల పెట్టు. గాజు ముక్కలేమైనా ఉన్నాయేమో తుడిచావా, లేదా? నీ చేతుల సంగతి నాకు తెలియదూ."

అద్దాలమ్మ తీగ పైకి చుట్టింది, స్టూలు జరిపింది, తడిగుడ్డ తెచ్చి మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా మూలమూలలా తుడిచింది. ఆడపడుచు నిలబడి ప్రతి మూలనూ తనిఖీ చేసింది. తరువాత కీళ్ళు పటపటమంటుండగా నేల మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పాపను రెండు కాళ్ళ నడుమ దించింది. పాప కాళ్ళు ముడుచుకుంది.

"ముడుచుకో," అంది ఆడపడుచు. "నాకు మాత్రం ఏం పనుంది?"

మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. నేల చల్లగా ఉంది. పాప బొటనవేలు ఒకటి దానికి తగిలి, ఉలిక్కిపడి పైకి పోయి, కాసేపటికి తనంత తానే మళ్ళీ కిందికి వచ్చింది.

తలుపు గంట మోగింది. చేతిలో విరిగిన ఫ్రేముతో ఎవరో పెద్దాయన లోపలికి ఒక అడుగు వేసి, దారికడ్డంగా నేల మీద కూర్చున్న ఆ ఇద్దరినీ చూసి తటపటాయించాడు.

ఆడపడుచు లేవలేదు. తల కూడా ఎత్తలేదు.

"అటు నుంచి చుట్టి వెళ్ళండి," అంది. "ఇక్కడ పని జరుగుతోంది."